కొట్టంలో కట్టేసిన ఫియట్

కాబట్టి వెనక సీటు మెత్తగానే ఉంది, కాని మెత్తదనమనేది సీటులో ఉంటుందా, కూర్చున్నవాడి మనసులో ఉంటుందా, మనసులోనే ఉండేటట్టయితే ఇక కార్లను పోల్చి చూడడంలో అర్థమేముంది, అని ఆలోచిస్తూ వెంకటనారాయణ కిన్నెరసాని వంతెన దాటేశాడు. దాటాక గాని అతనికి తెలియలేదు, ఇంతసేపూ తను చూస్తున్నది సీటును కాదని. ముందు సీటు అంచు మీదుగా వెనక్కి పడి, గుంట వచ్చినప్పుడల్లా ఎగిరి మళ్ళీ పడుతున్న ఒక జడను.

జడ కారు నడుపుతున్న అమ్మాయిది. పేరు ప్రమీలారాణి. పాల్వంచ థర్మల్ స్టేషన్‌లో ఇంజనీరు శేషగిరిరావుగారి కూతురు. కారూ ఆయనదే, తెల్ల ఫియట్. అమ్మకానికి ఉందని తెలిసి వెంకటనారాయణ తండ్రి వెంకటప్పయ్య, బూర్గంపాడు నుంచి కుటుంబాన్ని వెంటబెట్టుకుని చూడ్డానికి వచ్చాడు. నాన్నగారు షిఫ్టులో ఉన్నారు, నేను నడిపి చూపిస్తానంటూ ఆమె తాళాలు తీసుకుని బయటికి వచ్చింది.

అదీ వాళ్ళ మొదటి పరిచయం. పరిచయమనడం ఎక్కువేమో. "కాస్త లోపలికి జరగండి, తలుపు పడదు" అని ఆమె అంది. అతను జరిగాడు.

కారు మళ్ళీ ఎగిరింది. ముందు సీట్లో ఉన్న నాయనమ్మ పున్నమ్మ రెండు చేతులతోనూ ఎదుటి డ్యాష్‌బోర్డు పట్టుకుంది.

"ఏంది పిల్లా, ఇది కారా, కొత్తగ కాడి కట్టిన కోడెనా?"

"రోడ్డు అలా ఉంది మామ్మగారూ."

"రోడ్డు నాకు తెల్వదా? మొన్ననే బస్సుల పోయిన. గిట్ల ఎగరలే."

ప్రమీలారాణి అద్దంలోంచి వెనక్కి చూసింది. "వెనక ఎలా ఉందండీ? బాగా కుదుపుగా ఉందా?" ఆ గొంతులో ఏదో ఆశ వినిపించింది.

అప్పుడే వెంకటనారాయణ నడినెత్తి కారు కప్పుకు తగిలింది. "లేదండీ. చాలా హాయిగా ఉంది" అన్నాడు.

ఆమె అద్దంలో అతన్ని ఎంతసేపు చూసిందంటే, కారు తనంతట తను ఒక టేకు చెట్టు వైపు బయల్దేరింది.

"అమ్మా, ముందు చూడు!" అని వెనక నుంచి పద్మావతమ్మ కేక వేసింది. ఆవిడ వెంకటనారాయణ తల్లి. ఒళ్ళో ఖాళీ ఆవకాయ జాడీ ఉంది. డిక్కీలో పడుతుందో లేదో చూడ్డానికి ఇంటి నుంచి తెచ్చింది.

వెంకటప్పయ్య మాత్రం ఏమీ పట్టనట్టు కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. కాసేపటికి తీర్పు చెప్పాడు. "వలపటికి గుంజుతున్నది."

ఆయన జీవితంలో ఎడ్లను తప్ప మరే కదిలే వస్తువునూ కొనలేదు. అందుకని కారునూ ఎద్దును కొన్నట్టే కొనదలిచాడు. ఎద్దును చూడగానే కొనేస్తారా? నడిపించి చూస్తారు. వలపటికి, అంటే కుడికి గుంజుతుందో, ఎడమకు గుంజుతుందో చూస్తారు. బరువు కట్టి, బురదలో దింపి చూస్తారు. ఒంటి మీద సుడులు ఎక్కడెక్కడున్నాయో వెతుకుతారు. ఆఖరికి ఒక పూట తమ కొట్టంలో కట్టేసి, ఇంటికి మచ్చికవుతుందో లేదో తేల్చుకుంటారు. అదంతా అయ్యాకనే బేరం. కారుకు పళ్ళు పట్టి చూసే వీలు లేకపోవడం ఒక్కటే ఆయనకు వెలితిగా ఉండేది.

ఫియట్‌కు పోటీ ఇంట్లోనే ఉంది. పద్మావతమ్మ తమ్ముడు వెంకటరామారావు తన అంబాసిడర్ అమ్ముతానంటున్నాడు.

"రెండిటికీ ఒకటే పరీచ్చ" అని వెంకటప్పయ్య ముందే చెప్పేశాడు. "బామ్మర్ది బండని మొహమాటం లేదు, పరాయి బండని అనుమానం లేదు. తేల్చి చెప్పేది నారాయణ. సదువుకున్నోడు. కాలేజీల తర్కం చెప్తడు."

నిజమే, వెంకటనారాయణ భద్రాచలం జూనియర్ కాలేజీలో తర్కశాస్త్రం చెబుతాడు. కాని జీవితంలో అతను ఒక్కదాన్ని కూడా తేల్చుకున్నవాడు కాదు. ఒకసారి ఖమ్మంలో చొక్కా కొనబోయి, నీలం బాగుందా బూడిదరంగు బాగుందా అని షాపు కట్టేసేదాకా నిలబడి, రెండూ కొనకుండా వచ్చాడు. దీని మూలం ఎక్కడుందో తెలుసుకుందామని మనస్తత్వశాస్త్రం పుస్తకాలు చదివాడు. ఒక పుస్తకం తల్లి మీద నెపం పెట్టింది, ఇంకోటి తండ్రి మీద పెట్టింది. ఎవరి మీద పెట్టాలో అతను తేల్చుకోలేకపోయాడు.

*

అంబాసిడర్ పరీక్ష ఆ వారంలోనే జరిగింది.

"అల్లుడూ, ఇది కారు కాదు, ఇల్లు" అన్నాడు వెంకటరామారావు స్టీరింగ్ నిమురుతూ. "కూసో, కాళ్ళు చాపు. ఇంకా చాపు. అందినయా ముందు సీటుకి? అందవు."

పున్నమ్మ వెనక సీట్లో బాసింపట్టు వేసుకుని కూర్చుంది. బాగానే ఉందంది. కాని ముందు ఏముందో కనపడటం లేదంది. పద్మావతమ్మ ఆవకాయ జాడీ డిక్కీలో పెట్టించి, దాని పక్కన ఇంకో జాడీ పెట్టించి, ఇంకా చోటుందని తమ్ముణ్ణి మెచ్చుకుంది.

"ఎడమ పక్క తలుపు తెరుచుకోదేంది మామా?" అన్నాడు వెంకటనారాయణ లోపలి నుంచి.

"బయట నుంచి తెరుచుకుంటది. నేనే మా గేటు స్తంభానికి కొట్టిన, అప్పటి సంది గట్లనే."

"మరి లోపలున్నోళ్ళు దిగేదెట్ల?"

"ఎవరో ఒకరు బయట ఉంటరు గదరా ఎప్పుడూ!"

సాయంత్రం అరుగు మీద వెంకటప్పయ్య కొడుకును అడిగాడు. "చెప్పు. ఏది?"

చెప్పడం కష్టం కాదు. అంబాసిడర్‌లో చోటు ఎక్కువ. ఫియట్ ఒదుగ్గా ఉంది. ఇంత చదువుకున్నవాడు ఒక మాట అనేయవచ్చు. కాని ఒక మాట అంటే పరీక్ష అయిపోతుంది. పరీక్ష అయిపోతే పాల్వంచ పోయే పని ఉండదు. ఆ ఆలోచన ఎక్కడి నుంచి వచ్చిందో అని అతను వెనక్కి వెతుక్కుంటూ పోయాడు. కిన్నెరసాని వంతెన దగ్గర జడ కనిపించింది.

"ఫియట్ ఇంకోసారి చూడాలి నాన్నా" అన్నాడు. "బరువు మీద చూడలేదు కదా."

"అవ్, నిజమే. సూడలే" అన్నాడు వెంకటప్పయ్య తృప్తిగా. కొడుకు పద్ధతి ప్రకారం నడుస్తున్నాడని ఆయనకు మొదటిసారి అనిపించింది.

*

బరువు పరీక్షకు మిర్చి బస్తాలు తెచ్చారు.

"ఇది ఫ్యామిలీ కారండీ, లారీ కాదు" అంది ప్రమీలారాణి నడుము మీద చేతులు పెట్టుకుని.

"ఫ్యామిలీ ఏం తింటదమ్మా?" అన్నాడు వెంకటప్పయ్య. "మిర్చి పంట మీదనే గద తినేది. ఎక్కియ్ నారాయణా."

కారంతా మిర్చి ఘాటు. అందరూ తుమ్ముతూ వెళ్ళి తుమ్ముతూ వచ్చారు. "ఎలా ఉందండీ?" అని ఆమె అడిగితే, "బా... హాచ్... బాగుంది" అన్నాడు వెంకటనారాయణ.

బురద పరీక్ష వాన వెలిసిన మర్నాడు పెట్టారు. కారు చెరుకుతోట పక్క బాటలో దిగబడింది. అందరినీ దింపి అతను వెనక నుంచి తోశాడు. ఆమె ముందు నుంచి ఏం చేసిందో గాని చక్రం గిర్రున తిరిగి, అతని ముఖమంతా బురద కొట్టింది. ఆమె తల బయటపెట్టి చూసి, చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వు ఆపుకుంటోందా, జాలిపడుతోందా? ఆ రెండిటిలో ఏదో తేల్చుకునేలోగా కారు కదిలిపోయి అతను బోర్లా పడ్డాడు.

పెద్దవాళ్ళు ముగ్గురూ అక్కడి టీ బడ్డీ దగ్గర కూర్చున్నారు. బోరింగు దగ్గర అతను ముఖం కడుక్కుంటుంటే ఆమె వచ్చి నీళ్ళు కొట్టసాగింది.

"లెక్చరర్ గారూ, మీరు కారు కొంటారా, కారు మీద పిహెచ్.డి. చేస్తారా?"

"కొనడానికేనండీ."

"మీకు నిజంగా కుదుపు తెలియడం లేదా?"

"తెలుస్తోంది."

"మరి ప్రతిసారీ హాయిగా ఉందంటారేం?"

అతను దోసిలితో నీళ్ళు పట్టుకుని ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. కొన్ని ప్రశ్నలకు నీళ్ళలోంచి జవాబు చెప్పడం తేలిక. "కుదుపు నిజం. హాయి కూడా నిజం."

ఆమె బోరింగు కొట్టడం ఆపేసింది. కాసేపు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది.

"మీకంటే ముందు ఇద్దరొచ్చారు. ఒకాయన వాంతి చేసుకున్నాడు. రెండో ఆయన సగం దారిలో దిగి బస్సెక్కాడు. క్లచ్ మీద నుంచి కాలు టక్కున తీసేస్తే చాలండీ, ఎంత మంచి కారైనా కప్పలా గెంతుతుంది."

"అంటే... మీరు కావాలనే?"

"నాన్న రిటైరవుతున్నారు. విజయవాడలో మా అన్నయ్య దగ్గరికి వెళ్ళిపోతాం. అన్నయ్యకు కారుంది. డ్రైవరున్నాడు. ఆడపిల్లకు ఇంక డ్రైవింగెందుకని వదిన ముందే రాసింది. ఇది పోయిందంటే నేను వెనక సీటు మనిషిని." ఆమె బోరింగు చేతిని గట్టిగా ఒక్కసారి కొట్టింది. "మా నాన్నకు చెబుతారా?"

"చెప్పను."

"మీ నాన్నగారికి?"

"చెప్పను. కారు బాగుందనే చెబుతాను."

"అలా అయితే కొనేస్తారు కదండీ!"

"కొనరు. బాగుంది, కాని ఇంకోసారి చూడాలి అంటాను. అది నాకు బాగా వచ్చు. చిన్నప్పటి నుంచీ వచ్చు."

ఆమె పకపకా నవ్వింది. టీ బడ్డీ దగ్గర పున్నమ్మ తల తిప్పి చూసింది. తన చేతకానితనం ఒక మనిషికి పనికొచ్చిందన్న సంగతి వెంకటనారాయణకు కొత్తగా ఉంది. ఏ పుస్తకంలోనూ ఆ మాట రాసిలేదు.

ఆ తర్వాత రోజులు బాగా గడిచాయి. ఎత్తు మీద చూడాలన్నాడు. వానలో అద్దాలు ఎలా ఉంటాయో చూడాలన్నాడు. ఎండలో లోపల ఎంత వేడెక్కుతుందో చూడాలన్నాడు. ఆమె ప్రతిసారీ క్లచ్ టక్కున వదిలేది. అద్దంలో కళ్ళు కలిసేవి. "హాయిగా ఉందా?" "చాలా హాయిగా ఉంది." పున్నమ్మ నడుం పట్టుకుని దిగేది.

*

చివరికి కొట్టం పరీక్ష మిగిలింది. రెండు కార్లూ తలా ఒక పూట వెంకటప్పయ్య గొడ్ల కొట్టంలో ఉండాలి.

తను వదిలి వెళ్ళిన ఫియట్‌ను తీసుకుపోవడానికి ప్రమీలారాణి పాల్వంచ నుంచి బస్సులో వచ్చి దిగేసరికి, బంపరుకు పలుపుతాడు కట్టి గుంజకు ముడేసి ఉంది. ముందు కొంత గడ్డి కూడా పడి ఉంది. ఎవరు వేశారో ఎవరూ ఒప్పుకోలేదు. ఒక బర్రె మడ్‌గార్డును నాకుతోంది.

"తాడెందుకండీ?" అంది ఆమె నోరు తెరిచి.

"కట్టకపోతే కొట్టంల ఉన్నట్టెట్లయితదమ్మా?" అన్నాడు వెంకటప్పయ్య.

అప్పుడు పున్నమ్మ కొట్టంలోంచి బయటికి వచ్చింది. చేతిలో గుడ్డు ఉంది. "అద్దం దించి పెట్టినరు గద, కోడి లోపలికి పోయింది. నడిపే సీట్లనే పెట్టింది. మా కోడి ఎక్కడ పడితె అక్కడ పెట్టేది కాదు. మొన్న రామారావు బండిల గూడ ఎక్కింది. సుట్టు తిరిగి దిగిపోయింది."

అక్కడే ఉన్న వెంకటరామారావు ముఖం ఎర్రబడింది. "కోడిని అడిగి కారు కొంటరా బావా? మన ఇజ్జత్ ఏం గాను?"

"నీ అల్లుణ్ణి గూడ అడిగి సూసిన గదా" అన్నాడు వెంకటప్పయ్య. "కోడే నయం. తేల్చి చెప్పింది."

ప్రమీలారాణి వంగి తాడు ముడి విప్పుతోంది. భుజాలు కదులుతున్నాయి. వెంకటనారాయణ పక్కన వంగి, ముడి విప్పడంలో సాయం చేస్తున్నట్టు నటిస్తూ దాన్ని ఇంకా బిగించాడు.

"ఇంకేం మిగల్లేదు" అందామె మెల్లిగా. ఇప్పుడు ఆమె నవ్వడం లేదు. "సామాన్లకు లారీ మాట్లాడేశారు. వచ్చే సోమవారం."

"ఇంకోసారి చూడాలంటాను. భద్రాచలం దాకా."

 ఆమె ముడి తనే విప్పుకుంది.

*

ఆ చివరి ప్రయాణంలో పొద్దుట్నుంచీ ముసురు. సారపాక దాటి గోదావరి వంతెన ఎక్కేటప్పటికి నది, ఆకాశం ఒకటే రంగులో ఉన్నాయి. వెంకటనారాయణ తల కప్పుకు తగలకుండా ముందే వంచి కూర్చున్నాడు. తగల్లేదు. వంతెన అతుకులు వచ్చాయి, పోయాయి. జడ సీటు అంచు మీద కదలకుండా పడుకుంది. గేరు మారినట్టు చప్పుడు వింటే తప్ప తెలియడం లేదు.

అతను పక్కకు చూశాడు. పద్మావతమ్మ జాడీని కౌగిలించుకుని నిద్రపోతోంది. ఆమె ఏ బండిలోనూ నిద్రపోయే మనిషి కాదు.

"ఇయ్యాల ఏమైంది పిల్లా నీ కోడెకు?" అంది పున్నమ్మ. "వెన్న మీద పోయినట్టు పోతున్నది."

"మీ కొట్టంలో కట్టేశారు కదా మామ్మగారూ. మచ్చికైంది."

అద్దంలో ఆమె కళ్ళు అతని కోసం వచ్చాయి. అతను కిటికీలోంచి గోదావరిని చూశాడు.

తర్కం చాలా స్పష్టంగా ఉంది. కారు అమ్మడం ఇష్టం లేనప్పుడు ఆమె కుదుపుతుంది. ఇప్పుడు కుదపడం లేదు. కనుక అమ్మడం ఇష్టమైంది. కారుతోపాటు ఈ రాకపోకలు, ఈ వెనక సీటు, ఈ "హాయిగా ఉందా" అన్నీ తెగిపోవడం కూడా ఆమెకు ఇష్టమైంది. ఎక్కడా పగులు లేని వాదం. దాన్ని క్లాసులో చెబితే పిల్లలు రాసుకుంటారు. ఇంత గట్టి వాదాన్ని మనిషి తన కడుపులో నొప్పి కోసం కట్టుకుంటాడా అన్న అనుమానం ఒకటి పక్కన వచ్చి నిలబడింది గాని, అతను దాన్ని కూర్చోబెట్టలేదు.

ఇంటికి చేరాక వెంకటప్పయ్య అడిగాడు. "ఆఖరిసారి అడుగుతున్న. ఏది?"

"మీ ఇష్టం నాన్నా."

"ఇంకోసారి సూడొద్దా?"

"వద్దు."

వెంకటప్పయ్య కొడుకు ముఖంలోకి కొంతసేపు చూశాడు. "ఎల్లుండి ఇంజనీరుగారిని రమ్మను. బేరం."

*

బేరం రోజున కూడా తుంపర పడుతూనే ఉంది. శేషగిరిరావుగారు కూతురు నడుపుతుండగా ఫియట్‌లో వచ్చారు. పొడుగాటి, మెత్తటి మనిషి. వసారాలో కుర్చీ చివర కూర్చుని, కాఫీ తాగి, గొంతు సవరించుకున్నారు.

"నాకు బేరాలు రావండీ. సూటిగా చెప్పేస్తాను. నేను అనుకున్నది—"

"ఆగండి సారూ!" వెంకటప్పయ్య రెండు చెవులూ మూసుకున్నాడు. "నలుగురిల నోటితోని చెప్తరా ధర? బండి వినదా?"

ఆయన భుజం మీది తువ్వాలు తీసి దులిపాడు. పశువుల సంతలో ధర పైకి చెప్పరు. అమ్మేవాడు, కొనేవాడు తువ్వాలు కింద చేతులు కలుపుకుంటారు. వేలు పట్టుకుంటే ఒక లెక్క, మడిస్తే ఒక లెక్క, నొక్కితే ఒక లెక్క. చుట్టూ ఉన్నవాళ్ళకు ముఖాలు కనిపిస్తాయి గాని మాట వినిపించదు. వెంకటప్పయ్య కొన్న ప్రతి ఎద్దూ తువ్వాలు కిందనే కొన్నాడు.

ఆయన తువ్వాలు పరిచి, దాని కింద శేషగిరిరావుగారి చేతివేళ్ళు పట్టుకున్నాడో లేదో, ఇంజనీరుగారు కుర్చీలోంచి లేచారు. "హి హి హి... వద్దండీ... హి హి... నాకు కితకితలు!"

"ఒక్క వేలే సారూ."

"వేలే అండీ... హి హి... నాడి చూడ్డానికే డాక్టర్లు ఇబ్బంది పడతారు... హి హి హి!"

ఆయన కళ్ళ వెంట నీళ్ళు కారాయి. ఇంకోసారి ప్రయత్నించారు. ఈసారి గ్లాసు తన్నేశారు. ఆఖరుకు కళ్ళద్దాలు తుడుచుకుంటూ అన్నారు, "మా అమ్మాయి చేస్తుందండీ. ధర ఎంతో దానికి తెలుసు. కారూ దాందే అనుకోండి."

వెంకటప్పయ్య ఒక అడుగు వెనక్కి వేశాడు. "ఆడపిల్ల చెయ్యి నేను పట్టుకుంటే చెర్ల దాకా పోతది కబురు."

"దాంట్లె ఏముంది?" అని గడప దగ్గరి నుంచి పున్నమ్మ లేచింది. "ఇటు తే తువ్వాలు. నేను ఎన్ని బర్రెలు కొనలే."

పున్నమ్మ నులకమంచం మీద కూర్చుని ప్రమీలారాణిని ఎదురుగా కూర్చోబెట్టుకుంది. ఏ వేలుకు ఏమిటో చెవిలో చెప్పింది. తువ్వాలు పడింది. 

వెంకటనారాయణ స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు. ఆమె కనుబొమలు చూశాడు. ఒకసారి ముడిపడ్డాయి. ఒకసారి విప్పుకున్నాయి. తువ్వాలు కింద ఏదో కదిలింది. పున్నమ్మ ఆశ్చర్యంగా మనవడి వైపు చూసి, మళ్ళీ ఆ అమ్మాయి వైపు చూసింది. మళ్ళీ కదిలింది. పున్నమ్మ పెద్దగా నవ్వి తువ్వాలు లాగేసింది.

"అయింది."

"ఎంతకు?" అన్నాడు వెంకటరామారావు.

"అయిందన్న. ఎంతకని అన్ననా?"

ప్రమీలారాణి తాళాలు తీసి మంచం మీద పెట్టింది. కార్లో తన సామాను ఉంది తెచ్చుకుంటానని చెప్పి వాకిట్లోకి దిగింది.

పున్నమ్మ మనవణ్ణి దగ్గరికి పిలిచింది. "నారాయణా, ఇన్ని పసుల బేరాలు చేసిన, గిట్లాంటిది చూడలే. నేను తగ్గించమని ఒక వేలు మడిస్తే, ఆ పిల్ల తనే ఇంకో వేలు మడిచింది. అమ్మేటోళ్ళు ఎవరన్న తమ ధర తాము తగ్గించుకుంటరా? తర్కం చెప్పేటోడివి గద, చెప్పు."

అంత తొందరగా వదిలించుకోవాలని ఉంది కాబోలు అనుకున్నాడు వెంకటనారాయణ. అనుకుంటూనే మెట్లు దిగాడు.

ఆమె నడిపే సీటు మీది చిన్న దిండు తీసి చంకలో పెట్టుకుంది. స్టీరింగ్‌ను చీర కొంగుతో ఒకసారి తుడిచి, తలుపు మెల్లిగా వేసింది. తుంపర జుట్టు మీద నిలబడి ఉంది.

"మాట తప్పారు మీరు" అన్నాడు అతను.

"అవును. తప్పాను."

"ఆ రోజు భద్రాచలం దాకా ఒక్క కుదుపు లేదు."

"మీ అమ్మగారు నిద్రపోయారు. నేను అద్దంలో చూశాను." ఆమె ముఖంలో గర్వం ఒక్క క్షణం మెరిసి పోయింది. "మీరు మాత్రం గోదావరిని చూస్తున్నారు."

"అమ్మేయాలని అంత తొందరైందా?"

"అయింది. లారీ వచ్చేస్తోంది. మీరు ఇంకోసారి ఇంకోసారి అంటూనే ఉంటారు. ఆఖరుకి నాన్న విసిగి ఎవరో ఒకరికి ఇచ్చేస్తారు. ఎవరికో పోయేకంటే, ఇక్కడికే వస్తే..."

"వస్తే?"

"ఈ ఇంట్లో ఎవరికీ నడపడం రాదు కదండీ."

అతను ఆ వాక్యాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. నిజమైన వాక్యమే. నాన్నకు రాదు. నాయనమ్మకు రాదు. తనకు రాదు. "అవును. డ్రైవర్ను పెట్టుకోవాలి" అన్నాడు.

ప్రమీలారాణి అతని వైపు చాలాసేపు చూసింది.

"మీరు తర్కం చెబుతారా? నిజంగానా? జీతం ఇస్తారా మీకు?"

అప్పుడు అతనికి అర్థమైంది. ఒకేసారి కాదు. ముందు ఆ వెన్నలాంటి ప్రయాణం అర్థమైంది, తర్వాత అద్దంలో వెతుక్కున్న కళ్ళు, ఆ తర్వాత ఆమె తనే మడుచుకున్న వేలు. ఎక్కడా పగులు లేదనుకున్న వాదం లోపలి నుంచి మెత్తగా కూలిపోయింది. చెప్పవలసిన మాటలు నాలుగైదు రకాలుగా గొంతు దాకా వచ్చాయి. వాటిలో ఏది మేలని పోల్చి చూడడం మొదలుపెట్టబోయి, భయపడి ఆగిపోయాడు.

"నాకు... మాట రావడం లేదు" అన్నాడు.

"మీ ఇంట్లో ముఖ్యమైనవి నోటితో చెప్పరుగా" అంది ఆమె దిండు సర్దుకుంటూ. గొంతు సరదాగానే ఉంది గాని కళ్ళు నేల చూస్తున్నాయి. "నేను వెళ్తాను. బస్సు టైమైంది."

వసారాలో వెంకటరామారావు ఇంకా ధర అడుగుతూనే ఉన్నాడు. శేషగిరిరావుగారికి వెంకటప్పయ్య ఎడ్ల సుడుల గురించి చెబుతున్నాడు. వెంకటనారాయణ గబగబా మెట్లెక్కి, నులకమంచం మీద పడి ఉన్న తువ్వాలు తీసుకున్నాడు. పున్నమ్మ చూసింది.  కాళ్ళు పక్కకు తీసి దారి ఇచ్చింది.

అతను మళ్ళీ తుంపరలోకి వచ్చి ఆమె ఎదురుగా నిలబడ్డాడు. కుడిచేతి మీద తువ్వాలు కప్పుకుని, చెయ్యి ముందుకు చాపాడు. ఈ బేరానికి ఎన్ని వేళ్ళో అతనికి తెలియదు. అన్నీ చాపాడు.